అలుగు పారడం వేరు, గండి పడడం వేరు

చావింట్లో ఈ దృశ్యం మీరు చూసే ఉంటారు. భర్త పోయిన మనిషి గోడకు ఆనుకుని కూర్చుని ఉంటుంది. వచ్చినవాళ్లందరూ ఏడుస్తుంటారు, ఆమె కంట మాత్రం చుక్క ఉండదు. ఎటో చూస్తుంటుంది. అంతలో ఊళ్లోంచి ఓ పెద్దామె వస్తుంది. "దీన్ని ఎవరూ ఏడిపించలేదేమిటే, గుండె ఆగిపోగల్దు" అని అందరి మీదా కేకలేసి, ఆమె పక్కన కూలబడి, మెడ చుట్టూ చేతులేసి, పోయినాయన సంగతులు ఒక్కొక్కటే ఎత్తుకుంటుంది. పొద్దున్నే ఆయన తాగే టీ గ్లాసు. ఆదివారం సంచిలో తెచ్చే చేపలు. కూతురి పెళ్లికని కొని, కట్టకుండా దాచుకున్న పంచెల చాపు. మూడోదో నాలుగోదో తగిలేసరికి ఆమె భళ్లున బద్దలవుతుంది. ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లుతుంది. ఎవరో మంచినీళ్లు తాగిస్తారు. ఇంకెవరో కాళ్లు పడతారు. "ఇంక ఫర్వాలేదులే" అంటుంది పెద్దామె, కళ్లు తుడుచుకుంటూ.

ఆ పెద్దామె ఏ పుస్తకమూ చదవలేదు. ఆమె రప్పించిన ఏడుపుకు మాత్రం మనస్తత్వ శాస్త్రంలో ఒక పేరుంది: అబ్రియాక్షన్. లోపల గడ్డకట్టిన బాధ, దానికి కారణమైన సంఘటన మళ్లీ కళ్లముందుకు రాగానే, అదుపు లేకుండా పచ్చిగా బయటికి తన్నుకురావడం. అది ఏడుపు కావచ్చు, కేక కావచ్చు, వణుకు కావచ్చు, బూతులు కూడా కావచ్చు. దీని పక్కనే ఇంకో మాట వినిపిస్తుంది, కెథార్సిస్. బయటపడ్డాక మనసు తేటపడడం అది. మొదటిది పొంగడం, రెండోది తేరుకోవడం. పొంగితే చాలు, తేరుకోవడం దానంతటదే వస్తుందని చాలామంది నమ్మకం. పత్రికల్లో సలహాలిచ్చేవాళ్లలో సగం మందిదీ అదే నమ్మకం. అది సగమే నిజం.

విరేచనం అనే మాట

కెథార్సిస్ గ్రీకు మాట. శుద్ధి అని అర్థం. అక్కడి వైద్యులు ఒంట్లోని చెడును బయటికి పంపడానికి కూడా అదే మాట వాడేవాళ్లు. అరిస్టాటిల్ తన కావ్యశాస్త్రంలో విషాద నాటకాన్ని నిర్వచిస్తూ, అది జాలినీ భయాన్నీ రేపి, ఆ భావాలకే కెథార్సిస్ కలిగిస్తుందన్నాడు. అంటే ఏమిటో మాత్రం వివరించలేదు. దాంతో పండితులకు శతాబ్దాలకు సరిపడా పని దొరికింది. 1857లో యాకోబ్ బెర్నైస్ అనే జర్మన్ పండితుడు, ఇది నీతికీ మతానికీ సంబంధించిన శుద్ధి కాదు, అచ్చంగా వైద్యుడి మాట అని గట్టిగా వాదించాడు. ఆయన తమ్ముడి కూతురు మార్తాను 1886లో పెళ్లాడిన కుర్ర డాక్టరు పేరు సిగ్మండ్ ఫ్రాయిడ్.

మన విమర్శకులు దీన్ని తెలుగులో 'భావ విరేచనం' అన్నారు. క్లాసులో ఆ మాట వినగానే వెనక బెంచీలు కిసుక్కుమనేవి. నవ్వినా, ఇంతకంటే సరైన అనువాదం నాకు కనపడదు. తెలుగువాడి బాధ ఉండేది కడుపులోనే కదా. కడుపు మంట, కడుపు కోత, కడుపులో దాచుకోవడం, దిగమింగుకోవడం, చివరికి ఉన్నదంతా కక్కేయడం. పైగా ఆయుర్వేదంలో విరేచనం అంటే ఒట్టి భేది మందు కాదు. పంచకర్మల్లో అదొకటి. దానికి ముందు కొన్ని రోజులు నెయ్యి తాగిస్తారు, చెమట పట్టిస్తారు. అయ్యాక పల్చటి జావతో మొదలుపెట్టి, మెల్లగా మామూలు అన్నానికి తీసుకొస్తారు. ముందూ వెనకా ఇవేవీ లేకుండా మందొక్కటీ మింగితే మనిషి నీరసించి మంచం పడతాడు.

భవభూతి ఉత్తరరామచరితంలో ఇదే విషయాన్ని నీళ్ల భాషలో చెప్పాడు. శోకంతో నిండిన గుండెను నిండిన చెరువుతో పోల్చి, పొంగే నీటికి దారి ఇచ్చినట్టే దుఃఖానికి విలాపమనే దారి ఇవ్వాలన్నాడు. చెరువుల మీద బతికిన మనకు ఆ మాట విప్పి చెప్పక్కర్లేదు. కట్ట కట్టినప్పుడే అలుగు కూడా కడతారు, తెలంగాణలో మత్తడి అంటారు. నీళ్లు ఎక్కువైతే అక్కణ్నుంచి దూకి కింది చెరువుకో వాగుకో పోతాయి. గండి పడినా నీళ్లు బయటికే పోతాయి. పోతూ పోతూ కట్టనూ పొలాలనూ పట్టుకుపోతాయి. రెండు చోట్లా నీరు ఖాళీ అయింది కదా అని ఏ రైతూ అనడు. మనసు విషయానికి వచ్చేసరికి మాత్రం మనం అలాగే అంటాం.

వియన్నా అమ్మాయి, గ్లాసులో నీళ్లు

అబ్రియాక్షన్ అనే మాట వెనక 21 ఏళ్ల అమ్మాయి ఉంది. పేరు బెర్తా పాపెన్‌హైమ్. 1880లో తండ్రి జబ్బుపడితే రాత్రిళ్లు మేలుకొని సేవ చేసింది. ఆ తర్వాత ఆమే జబ్బుపడింది. చేయి చచ్చుబడింది. మాతృభాష జర్మన్ నోటికి రాకుండా పోయి ఇంగ్లీషే మిగిలింది. డాక్టర్ జోసెఫ్ బ్రాయర్ రోజూ ఇంటికొచ్చి చూసేవాడు. ఓ వేసవిలో, ఎంత దాహం వేసినా, నీళ్ల గ్లాసు పెదవులకు తాకగానే నెట్టేసేది. దాదాపు ఆరు వారాలు పుచ్చకాయల్లాంటి పండ్లతో నెట్టుకొచ్చింది. ఒకరోజు హిప్నాసిస్‌లో ఉండగా అసలు సంగతి బయటపడింది. తనకు తోడుగా ఉండే ఇంగ్లీషు ఆమె గదిలోకి వెళ్లినప్పుడు, ఆమె కుక్క గ్లాసులోంచి నీళ్లు తాగుతూ కనపడింది. అసహ్యం ముంచుకొచ్చినా మర్యాద కోసం నోరు మూసుకుంది. ఆ దిగమింగిన కోపమంతా డాక్టరు ముందు వెళ్లగక్కి, నీళ్లడిగి, గ్లాసెడూ తాగేసింది.

ఈ పద్ధతికి ఆమే రెండు పేర్లు పెట్టింది. బుద్ధిగా ఉన్నప్పుడు మాటల వైద్యం, సరదాగా ఉన్నప్పుడు పొగగొట్టం దులపడం. బ్రాయర్, ఫ్రాయిడ్ కలిసి 1895లో వేసిన హిస్టీరియా పుస్తకంలో ఆమె కథ 'అన్నా ఓ.' పేరుతో వచ్చింది. అవమానం జరిగినప్పుడు తిరగబడినవాడికి అది జ్ఞాపకంగా మిగులుతుంది, దిగమింగినవాడిలో మాత్రం పుండై ఉండిపోతుంది, చేత్తో తీర్చుకోలేనిది మాటతోనైనా తీర్చుకుంటే ఆ పుండు మానుతుంది అన్నది వాళ్ల సిద్ధాంతం. వినడానికి ఎంత బాగుందో చూడండి. ప్రపంచమంతా నమ్మింది.

పుస్తకంలో సరిగా రానిది ఒకటుంది. బ్రాయర్ వైద్యం ముగిసిన 1882 వేసవిలోనే బెర్తాను స్విట్జర్లాండ్‌లోని బెల్‌వ్యూ శానటోరియంలో చేర్చాల్సొచ్చింది. అప్పటికీ లక్షణాలు పోలేదు, మత్తుమందు అలవాటు అదనం. ఆమె నిజంగా కోలుకుని నిలబడ్డది ఆ తర్వాత కొన్నేళ్లకు, ఫ్రాంక్‌ఫర్ట్‌లో. అక్కడ అనాథ పిల్లల ఆశ్రమం నడిపింది. 1904లో జర్మనీ యూదు మహిళల సమాఖ్యను స్థాపించింది. అమ్మాయిలను వ్యభిచారానికి అమ్మే ముఠాల మీద పోరాడింది. ఫ్రాయిడ్ కూడా హిప్నాసిస్‌లో కక్కించే పద్ధతిని త్వరలోనే వదిలేశాడు. తేలికపడ్డ రోగి కొన్నాళ్లకు మళ్లీ మొదటికే వస్తున్నాడని గమనించాడు. గుర్తొచ్చినదాన్ని మెలకువలో, మెల్లగా, పదేపదే అర్థం చేసుకుంటేనే పని జరుగుతుందని దారి మార్చుకున్నాడు.

రెండో ప్రపంచ యుద్ధంలో ఈ పద్ధతి మళ్లీ లేచింది. మాట పడిపోయిన సైనికులకు పెంటొథాల్ లాంటి మందులెక్కించి, యుద్ధాన్ని కళ్లముందుకు తెప్పించి అరిపించేవాళ్లు. కొందరికి అక్కడికక్కడే మాట వచ్చింది. తర్వాత 1970లో అమెరికాలో ఆర్థర్ జానోవ్ 'ది ప్రైమల్ స్క్రీమ్' అనే పుస్తకం రాశాడు. చిన్ననాటి గాయాన్ని గుండెలవిసేలా అరిచి వదిలించుకోవడమే సకల రోగ నివారిణి అన్నాడు. బీటిల్స్ జాన్ లెనన్ ఆయన దగ్గర కొన్ని నెలలు చికిత్స తీసుకున్నాడు. ఆ ఏడాది డిసెంబరులో వచ్చిన ఆల్బమ్‌లో 'మదర్' పాట చివర ఆయన అరుపులు వినండి, ఒళ్లు జలదరిస్తుంది. పాటగా అది గొప్పది. వైద్యంగా ఆ పద్ధతికి రుజువు దొరకలేదు.

కుక్కర్ పోలిక ఎక్కడ చెడుతుంది

'లోపల పెట్టుకోకు, కుక్కర్‌లా పేలిపోతావ్' అంటాం. పోలిక బాగానే ఉంటుంది, ఒక్కటి మర్చిపోతాం. విజిల్ వేసినా కింద స్టవ్ మండుతూనే ఉంటుంది. కుక్కర్‌కు లేని ఇంకో గుణం మనిషికుంది, అలవాటు. విజిల్ వేసి వేసి కుక్కర్ విజిల్ వేయడంలో ఆరితేరదు. మనం ఆరితేరతాం.

2002లో బ్రాడ్ బుష్‌మన్ అనే అమెరికన్ పరిశోధకుడు 600 మంది కాలేజీ విద్యార్థులకు ముందు కోపం తెప్పించాడు. వాళ్లు రాసిన వ్యాసాన్ని ఎవరో ఘోరంగా తిట్టినట్టు చూపించాడు. ఆ తర్వాత కొందరిని, తిట్టినవాడిని తలుచుకుంటూ బాక్సింగ్ సంచిని గుద్దమన్నాడు. కొందరిని వ్యాయామం అనుకుని గుద్దమన్నాడు. మిగతావాళ్లను ఏమీ చేయకుండా రెండు నిమిషాలు కూర్చోమన్నాడు. తిట్టినవాడిని తలుచుకుంటూ గుద్దినవాళ్లకు కోపం తగ్గకపోగా అందరికంటే ఎక్కువగా మిగిలింది. ఎదుటివాణ్ని దెబ్బతీసే అవకాశం ఇస్తే వాళ్లే ఎక్కువ దెబ్బతీశారు. ఊరికే కూర్చున్నవాళ్లు అందరికంటే నయం. 2024లో సోఫీ క్యార్విక్‌తో కలిసి బుష్‌మన్ 154 అధ్యయనాలను, 10,189 మంది ఫలితాలను ఒకచోట వేసి చూశాడు. ఒంటిని చల్లబరిచే పనులు, అంటే నిదానంగా ఊపిరి తీయడం, ధ్యానం, యోగా, కండరాలు వదులు చేయడం, కోపాన్ని తగ్గించాయి. ఒంటిని వేడెక్కించేవి మొత్తమ్మీద తగ్గించలేదు. పరుగు అయితే పెంచింది కూడా.

ఇప్పుడు హైదరాబాద్‌లో కూడా డబ్బు కట్టి సీసాలూ పాత టీవీలూ పగలగొట్టే గదులు వచ్చాయి. సరదాకి వెళ్తే వెళ్లండి, నేనేమీ అనను. మేనేజర్ మొహం తలుచుకుంటూ పగలగొట్టడానికైతే వెళ్లకండి. నా అనుభవం కూడా చెప్తాను. ఒకప్పుడు నేనూ ఒక స్నేహితురాలూ ఏడాది పాటు రోజూ సాయంత్రం ఫోన్లో మా పై అధికారిని తిట్టుకునేవాళ్లం. పెట్టేశాక ఎంత హాయిగా ఉండేదో. ఏడాది తిరిగేసరికి ఆయన ఆయనలాగే ఉన్నాడు, మా ఇద్దరికీ నిద్ర పట్టడం మానేసింది. తెలుగులో దీనికి చక్కటి మాట ఉంది, నెమరువేయడం. ఆవుకైతే నెమరేసిన గడ్డి అరుగుతుంది. మేం నెమరేసింది అరగలేదు.

ఏడుపు సంగతి వేరు

కోపానికి చెప్పింది దుఃఖానికి వర్తించదు. 2008లో మూడు వేలకు పైగా ఏడుపు సందర్భాలను పరిశీలించిన ఒక అధ్యయనం వచ్చింది. ఏడ్చాక తేలికపడ్డామన్నవాళ్లే ఎక్కువ. మూడోవంతు మందికి ఏ మార్పూ లేదు. పదోవంతు మందికి ఇంకా దిగులైంది. తేడా ఎక్కడొచ్చిందని చూస్తే, పక్కన ఓదార్చే మనిషి ఉన్నవాళ్లు ఎక్కువగా తేలికపడ్డారు. మన పెద్దామె మొదట చేసిన పనేమిటి? సంగతులు ఎత్తుకోకముందే మెడ చుట్టూ చేతులేసింది. నెయ్యి తాగించడం అదే. మంచినీళ్లు, కాళ్లు పట్టడం జావ లాంటివి. మధ్యలోని ఏడుపొక్కటే మనకు కనపడుతుంది.

తర్వాత పది రోజులు పలకరింపుకు వచ్చే ప్రతి మనిషీ అదే ప్రశ్న వేస్తాడు: "ఎట్లా జరిగిందమ్మా?" చిన్నప్పుడు నాకిది క్రూరంగా తోచేది. ఎన్నిసార్లు చెప్పిస్తారు పాపం అనుకునేవాణ్ని. మొదటిరోజు ఆమె ముక్కలు ముక్కలుగా చెప్తుంది, మధ్యలో ఆగిపోతుంది. పెద్దకర్మ నాటికి అదే సంగతి మొదలూ చివరా ఉన్న కథ అవుతుంది. "సాయంత్రం ఛాతీలో నొప్పన్నారు, నేను గ్యాసనుకున్నా" అని గొంతు జీరబోయినా ఆగకుండా చెప్పగలుగుతుంది. బాధ పోలేదు, దానికో ఒడ్డు ఏర్పడింది.

మనస్తత్వవేత్త జేమ్స్ పెనెబేకర్ 1986లో సాండ్రా బీల్‌తో కలిసి చేసిన ప్రయోగంలో నాకు కనపడ్డది ఇదే. విద్యార్థులను వరుసగా నాలుగు రోజులు, రోజూ 15 నిమిషాలు, జీవితంలో మనసును బాగా గాయపరిచిన సంఘటన గురించి రాయమన్నారు. కొందరు జరిగింది మాత్రమే రాశారు. కొందరు తమ భావాలు మాత్రమే. మరికొందరు రెండూ కలిపి. భావాలు రాసినవాళ్లు, రాసిన వెంటనే మనసు ఇంకా బరువెక్కిందని చెప్పారు. తర్వాతి నెలల్లో మాత్రం, రెండూ కలిపి రాసినవాళ్లు కాలేజీ ఆరోగ్య కేంద్రానికి వెళ్లడం తగ్గింది. ఉత్త భావాలు కుమ్మరించినవాళ్లలో ఆ తేడా రాలేదు.

కాబట్టి మీరు చేయగలిగింది ఇది. ముందు లోపలున్నది కోపమా, దుఃఖమా చూసుకోండి. కోపమైతే ముందు ఒంటిని చల్లార్చండి. కుర్చీలో వెనక్కి వాలి, లోపలికి తీసిన దానికంటే ఎక్కువసేపు ఊపిరి వదలండి, ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాల్లో ఎవరికీ వాట్సాప్ వాయిస్ మెసేజ్ పెట్టకండి. ఆ తర్వాత, కోపం తెప్పించిన మనిషితో ఏం మాట్లాడాలో అది మాట్లాడండి. మాట్లాడకూడదని కాదు, మరుగుతుండగా వద్దని.

దుఃఖమైతే, పాత అవమానమైతే, ఒక పుస్తకం తీసుకుని నాలుగు రోజులు పావుగంట చొప్పున రాయండి. అక్షర దోషాలు చూసుకోకండి. ఎవరికీ చూపించక్కర్లేదు, కాల్చేసినా ఫర్వాలేదు. "నాకు చచ్చిపోవాలనిపించింది" అనే వాక్యం దగ్గరే ఆగిపోకండి. ఆ రోజు ఏం జరిగింది, ఎవరు ఎక్కడ నిలబడ్డారు, మీరేమన్నారు, అనాలనుకుని అననిదేమిటి, ఇవన్నీ రావాలి. గాయం మరీ నిన్నమొన్నటిదైతే కొన్ని వారాలు ఆగి మొదలుపెట్టండి. నాలుగో రోజుకు కూడా మొదటిరోజు వాక్యాలే వస్తుంటే అది నెమరు. పుస్తకం మూసి, మనిషిని వెతుక్కోండి.

మనిషిని వెతుక్కోవడం దగ్గరే మన ఇబ్బందంతా. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందనే భయం ఊరికే పుట్టలేదు. చెప్పింది సాయంత్రానికి వీధి చివర వినపడ్డ అనుభవం చాలామందికుంది. నేను వాడే పరీక్ష ఒకటే. మొదట చిన్న బాధ చెప్పి చూడండి. "తర్వాత ఏమైంది?" అని అడిగే మనిషి దగ్గర పెద్దది చెప్పొచ్చు. "నేనైతే చెంప పగలగొట్టేదాన్ని" అనే మనిషి ఎంత ప్రేమ ఉన్నా స్టవ్ మంట పెంచే రకం.

ఒక హద్దు మాత్రం దాటకండి. చిన్నప్పటి లైంగిక హింస, కళ్లముందు జరిగిన ప్రమాదం, దాడి లాంటివి తలుచుకోగానే ఒళ్లు వణికి, ఇప్పుడే జరుగుతున్నట్టు అనిపిస్తే, రాయడంతోనో, యూట్యూబ్ చూసి అరవడంతోనో దాన్ని ఒంటరిగా కదపొద్దు. అది గండి పడే చోటు. పెద్ద ప్రమాదాలు జరగ్గానే బాధితులందరినీ కూర్చోబెట్టి, ఒక్క విడతలో అంతా చెప్పించే పద్ధతి కొన్నాళ్లు విదేశాల్లో బాగా నడిచింది. పరీక్షించి చూస్తే అది తర్వాతి జబ్బును ఆపలేదు, కొందరికి హాని కూడా చేసింది. ఇలాంటివాటికి శిక్షణ పొందిన క్లినికల్ సైకాలజిస్టో సైకియాట్రిస్టో కావాలి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416. 2022 నుంచి పనిచేస్తోంది, కాల్ ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. చచ్చిపోవాలనే ఆలోచన వస్తుంటే ఈ అధ్యాయం పక్కన పడేసి, ముందు ఆ ఫోన్ చేయండి.

ఇదంతా ఏడ్చేవాళ్ల కోసం రాశాను గానీ, జీవితంలో మనం ఏడ్చేకంటే ఎదుటివాళ్ల ఏడుపు చూసే సందర్భాలే ఎక్కువ. ఎవరైనా మీ ముందు బద్దలైతే "ఊరుకో, ఏడవకు, ధైర్యంగా ఉండాలి" అనకండి. మీ సొంత కథ ఎత్తుకోకండి. పలకరింపులన్నీ ఇప్పుడు వాట్సాప్‌లో చేతులు జోడించిన బొమ్మ దగ్గరే తెమిలిపోతున్నాయి, అందుకే మరీ అడుగుతున్నాను. ఈ నెల రోజుల్లో మీకు తెలిసిన ఎవరింట్లోనైనా చావు జరిగి, మీరు బొమ్మ పెట్టి ఊరుకుని ఉంటే, ఈ ఆదివారం ఒకసారి వెళ్లి రండి. ఫోన్ బండిలోనే పెట్టి, లోపలికెళ్లి, కింద కూర్చుని, ఎట్లా జరిగిందని అడగండి.